తిమింగిలముల స్థానచలనము – గోదావరీ తీరము

మహాకవి కాళిదాసు రఘువంశమున పదుమూడవ సర్గలో సముద్రమును మనోహరముగ వర్ణించియున్నాడు. రావణవధానంతరము పుష్పకవిమానమున అయోధ్యకు మరలుచు శ్రీరాముడు సీతకు క్రింద నున్న కడలిని చూపును. ఆ సందర్భమున తిమింగిలముల ప్రస్తావన వచ్చును. అవి నదులు కడలిని కలియు చోట నోళ్లు తెఱచి, చిన్న ప్రాణులతో కూడిన నీటిని లోనికి తీసికొని, పిమ్మట నోళ్లు మూసి, తలలమీది రంధ్రములనుండి నీటిధారలను పైకి చిమ్ముచున్నవని కవి చెప్పెను. అమరసింహుడు వారివర్గమున తిమిని, తిమింగిలమును మత్స్యముల వరుసలో చేర్చినాడు. తిమిని మ్రింగునది తిమింగిలమని వ్యుత్పత్తి. గ్రామ గ్రంథాలయమున అమరము తిరుగవేసిన బాలునకు సైత మింతవరకు తెలిసినదే.

నేటి జంతుశాస్త్రము దీనికి చేయు సవరణలు రెండు. తిమింగిలము చేప కాదు. బిడ్డను కని పాలిచ్చి పెంచునది, నీటిపైకి వచ్చి గాలి పీల్చునది. దాని తలనుండి లేచునది మ్రింగిన నీరు కాదు. ఆవిరితోను తుంపురులతోను కూడిన యూపిరి. తక్కిన వర్ణన చాలవరకు సత్యము. పండ్లు లేని పెద్ద తిమింగిలములకు పైదవడనుండి కుంచెలవంటి పలకలు వ్రేలాడుచుండును. ప్రాణులతో కూడిన నీటిని నోటినిండ తీసికొని, ఆ పలకలగుండ నీటిని వడియగట్టి వెలికి త్రోసి, ప్రాణులను మాత్రము మ్రింగుట వాని భోజనవిధానము. కవి దీనిని చూచెనో, చూచిన నావికులవలన వినెనో కాని, నదీముఖములను పేర్కొనుట మాత్రము విశేషము. ఆహారము సమృద్ధిగ నున్న చోటనే తిమింగిల ముండునను సంగతి ఆ మాటలో నున్నది. ఆహారము చోటు మారినచో తిమింగిలమును చోటు మారవలెను గదా. నేడు ప్రపంచమున అనేక సముద్రములందు జరుగుచున్నది అదియే. గోదావరీ తీరవాసులకు ఈ సంగతి దూరపు వార్త కాదని చూపుటకే ఈ వ్యాసము.

తిమింగిలములు ఎచ్చట నివసించునో తొలుత లెక్క వ్రాసినవారు పండితులు కారు, వానిని చంపినవారు. పదునెనిమిది, పందొమ్మిది శతాబ్దములలో అమెరికా ఓడలు తిమింగిలముల వేటకై సర్వసముద్రములు తిరిగినవి. వాని కొవ్వునుండి తీసిన నూనె పాశ్చాత్యదేశములలో దీపములకును, యంత్రములకును వాడుక. ప్రతి ఓడలోను ఒక దినచర్య పుస్తకముండెను. ఏ తేదీన, ఏ అక్షాంశ రేఖాంశములయొద్ద తిమింగిలమును చంపినది అందు వ్రాయుచుండిరి. 1935లో ఛార్లెస్ టౌన్‌సెండ్ అను అమెరికా పండితుడు ఆ పుస్తకములను సేకరించి, 50,000కు మించిన తిమింగిలములు చంపబడిన స్థలములను చుక్కలుగా పటములపై నెక్కించెను. ఏ మాసమున ఏ జాతి ఎచ్చట నుండెనో ఆ పటములలో కన్నులకు కట్టినట్లు కనబడును. వ్రాసినవాడు ఏ యుద్దేశముతో వ్రాసినను, తేదీయు స్థలమును తప్పక వ్రాసిన చిఠ్ఠా నూరేండ్ల తరువాత మఱియొక పనికి వచ్చును.

ఇచ్చట ఒక చిత్రము చెప్పవలసియున్నది. 1859లో పెన్సిల్వేనియాలో భూమిని తొలిచి రాతినూనె తీయుట ఆరంభమైన పిదప దీపములకు కిరసనాయిలు చౌకగా దొరకెను. తిమింగిలపు నూనెకు గిరాకి తగ్గెను. ఆ రాతినూనెయే, బొగ్గుతో కలిసి, నూటయేబది యేండ్లకు పైగా కాలి కాలి బొగ్గుపులుసు వాయువును ఆకాశమున నింపినది. అందువలన పుడమిపై నిలిచిపోయిన అధికోష్ణములో నూటికి తొంబది పాళ్లకు మించి సముద్రములే ఇముడ్చుకొన్నవి. ఒకప్పుడు తిమింగిలమునకు కొంత ఊరట నిచ్చిన వస్తువే నేడు దాని కాపురమును కదల్చుచున్నది. అయినను వేట ఆ నూనెతో ఆగలేదు. ఇరువదవ శతాబ్దమున మరయోడలు, ఫిరంగి బల్లెములు వచ్చి మునుపటికంటె ఘోరమైన సంహారము జరిగెను.

స్థానచలనమునకు మిక్కిలి స్పష్టమైన దృష్టాంతము ఉత్తర అట్లాంటికు సముద్రమున కలదు. అచ్చటి ఒక జాతి తిమింగిలమునకు ఇంగ్లీషున ‘రైటు’ తిమింగిలమని పేరు. మెల్లగ నీదునది, చచ్చిన తరువాత నీటిపై తేలునది కావున వేటకు ‘తగిన’దని వేటగాండ్రు పెట్టిన పేరట, పేరు వినుటకే బాధగా నున్నది. నేడు మిగిలినవి నాలుగు వందలకు లోపు. వేసవిలో అమెరికా ఈశాన్యతీరమునను, కెనడాలోని ఫండీ అఖాతమునను మేయుట వానికి వాడుక. బియ్యపు గింజయంతటి కొవ్వుగల సూక్ష్మప్రాణి వాని యాహారము. 2010 మొదలుకొని ఆ నీరు శీఘ్రముగ వేడెక్కగా ఆ ప్రాణి తగ్గిపోయెను. తిమింగిలములు పాతచోటు విడిచి ఉత్తరముగ సెయింటు లారెన్సు అఖాతమునకు పోజొచ్చెను. పాతచోట వానికై ఓడల దారులు తప్పించియుండిరి, వలలకు నిబంధనలు చేసియుండిరి. క్రొత్తచోట అట్టివి లేవు. 2017లో కెనడా జలములందు 12, అమెరికా జలములందు 5, మొత్తము 17 చచ్చినవి. పరీక్షించిన కళేబరములలో అనేకములకు ఓడ తగిలిన దెబ్బలో, పీతల బుట్టల త్రాళ్లు చుట్టుకొన్న గుఱుతులో కనబడెను. జంతువు కదలినది, శాసనము కదలలేదు. ఆ యేటనే కెనడా ప్రభుత్వము ఓడల వేగమునకు హద్దు పెట్టవలసివచ్చెను.

హిందూ మహాసముద్రమున పరిస్థితి ఇంకను చిక్కైనది. అట్లాంటికు, పసిఫికు సముద్రములు ఉత్తరధ్రువము వఱకు తెఱపిగ నున్నవి. నీరు వేడెక్కినచో అందలి జీవులు చల్లదనమును వెదకికొని ఉత్తరముగ పోగలవు. హిందూ మహాసముద్రమునకు ఉత్తరమున ఆసియా ఖండము గోడవలె నిలిచియున్నది. బంగాళాఖాతపు జీవి ఉత్తరముగ నీదినచో తుదకు దొరకునది గంగాసాగరపు బురద. ఇచ్చటి పెద్ద తిమింగిలములు కొన్ని తక్కిన సముద్రములలోని తమ జాతివలె దక్షిణధ్రువమునకు యాత్ర చేయవు. అరేబియా సముద్రపు మూపు తిమింగిలములు ఏడాది పొడుగున ఈ వెచ్చని నీటనే యుండును. ఇతర సముద్రముల మూపు తిమింగిలములతో వాని సంపర్కము తెగి వేలకొలది యేండ్లైనదని శాస్త్రజ్ఞుల నిర్ణయము. 1965–66లో సోవియట్ వేట ఓడలు నిబంధనలకు విరుద్ధముగ ఆ సముద్రమున 242 మూపు తిమింగిలములను చంపెను. ఆ లెక్క దాచబడి, ఆ రాజ్యము కూలిన తరువాతగాని బయటపడలేదు. నేడు ఒమాను తీరమున మిగిలినవి నూటికి లోపని అంచనా. 1979లో హిందూ మహాసముద్రమంతయు తిమింగిలములకు అభయారణ్యముగ ప్రకటింపబడినది. భారతదేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వానిని కాపాడుచున్నది. వేటను చట్టము ఆపగలదు గాని నీటి వేడిమిని ఆపజాలదు.

శ్రీరాముడు సీతకు చూపిన లంకాసముద్రముననే నీలి తిమింగిలములు నేటికిని కలవు. త్రింకోమలి వైపునను, సింహళపు దక్షిణతీరమునను అవి మేయుచు కనబడును. భూమిపై నింతవఱకు పుట్టిన జంతువులలో నీలి తిమింగిలమే పెద్దది. లంక చేరువనున్న యీ జాతి మేతలో ప్రధానమైనది రొయ్యను పోలిన చిన్న ప్రాణి. ప్రాక్పశ్చిమముల నడుమ నడచు సరకుటోడల ప్రధాన మార్గము ఆ మేతభూమిని ఆనుకొని పోవుచున్నది. ఇంత పెద్ద దేహము అంత చిన్న ప్రాణిపై ఆధారపడియుండుట సృష్టివైచిత్ర్యము.

గోదావరి సప్తశాఖలు కడలిని కలియు తీరమున తిమింగిలమును ప్రాణముతో చూచినవారు అరుదు. ఎప్పుడైన కళేబర మొడ్డుకు కొట్టుకొని వచ్చును, జనులు తిరునాళ్లకు వలె పోయి చూచుదురు. అందు కొన్నిమారులు వచ్చునది తిమింగిలము కానే కాదు, తిమింగిల సొర. అది మొప్పలుగల నిజమైన చేప. కావున ఈ తీరమున స్థానచలనమును పరిశీలింపదలచినవారు పెద్ద ప్రాణిని విడిచి చిన్న చేపలను చూడవలెను. కారణ మొక్కటే, కథయు నొక్కటే.

అదృష్టవశమున ఆంధ్రతీరపు చేపలకు ఒక పాత దస్త్రము కలదు. ఈస్టిండియా కంపెనీ కొలువుననుండిన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు విశాఖపట్టణమున పట్టిన రెండువందల చేపలకు బొమ్మలు వ్రాయించి, వివరములతో 1803లో లండనునందు రెండు సంపుటములుగ ప్రకటించెను. అందలి గొప్పతనమేమన, మన పల్లెకారులు చెప్పిన తెలుగు పేర్లను అతడు తన చెవికి వినబడినట్లు వ్రాసికొనెను. మన కానాగంతను అతడు ‘కనగుర్త’ యని వ్రాసెను. ఆ మాటను ఫ్రెంచి పండితుడు కువియే గ్రహించి శాస్త్రనామములో చేర్చినాడు. నేటికిని టోక్యోలోగాని లండనులోగాని పండితుడెవ్వడైనను ఆ చేపను పేర్కొనవలెనన్న ‘రాస్ట్రెల్లిగర్ కనగుర్త’ యని ఆంధ్ర పల్లెకారుని మాటను పలుకవలసినదే. తెలుగు భాషకు ఈ గౌరవము తెచ్చినవాడు కవి కాడు, వల లాగినవాడు.

ఆ కానాగంత నేడు స్థానము మార్చినది. తూర్పుపడమరలకు గాదు, లోతునకు. అది నీటి పైపొరలలో గుంపులు గుంపులుగ తిరుగు చేప. 1985–89 నడుమ మనదేశమున పట్టిన కానాగంతలలో నూటికి రెండు మాత్రమే అడుగున ఈడ్చు వలలలో పడెడివి. 2003–07 నాటికి అవి నూటికి పదునైదైనవని 1947లో స్థాపింపబడిన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారి లెక్క. పైనీరు వేడెక్కగా చేప క్రిందికి దిగినదని అచ్చటి శాస్త్రజ్ఞుడు ఇ. వివేకానందన్ ప్రభృతులు వ్యాఖ్యానించిరి. తెప్పమీద పోవు పేదకు చేప పది బారలు క్రిందికి దిగుట యన్న మాట మరపడవ యజమానికి వినబడినట్లు వినబడదు. వాని వల అంత లోతు పోదు.

ఇక నూనె కవళ్ళ చరిత్ర ఇంతకంటె వింతయైనది. కేరళీయులు దీనిని ‘మత్తి’ యందురు. అది వారికి అన్నముతోపాటి వస్తువు. నైరృతి ఋతుపవనములు వీచునపుడు మలబారు తీరమున పైనీరు దూరముగ నెట్టబడి, అడుగున నున్న చల్లని సారవంతమైన నీరు పైకుబుకును. అందు సూక్ష్మమైన నాచుజాతులు దట్టముగ పెరుగును. వానిని తిని కవళ్ళు లక్షోపలక్షలుగ వృద్ధిపొందును. వెనుకటి కాలమున దాని నూనె పడవలకు పూతగను, నూనె తీసిన పిప్పి తోటలకు ఎరువుగను పోయెడిది. మదరాసు మత్స్యశాఖ తొలినాళ్లలో సర్ ఫ్రెడరిక్ నికల్సన్ ఈ పరిశ్రమను ప్రోత్సహించెను. జేమ్స్ హోర్నెల్, రామస్వామి నాయుడు కలిసి ఈ చేప జీవితమును పరిశోధించి గ్రంథస్థము చేసిరి. వారి కాలమున దాని రాజ్యము మలబారు తీరమే. ఎనిమిదవ అక్షాంశమునుండి పదునాలుగవ అక్షాంశము వఱకని పిదపవారు హద్దు చెప్పిరి.

బంగాళాఖాతమున అట్టి వసతి తక్కువ. గంగా, మహానది, గోదావరి, కృష్ణల వరదనీరు ఉప్పునీటిపై తేలి మూతవలె కప్పియుండుటచేత అడుగునీరు సులభముగ పైకి రాదు. కాబట్టి తూర్పుతీరమున నూనె కవళ్ళు లెక్కకు వచ్చునంతగ లేవు. బొత్తిగా లేవనుట మాత్రము సరికాదు. ఆ చేపకు 1847లో శాస్త్రనామము పెట్టిన వాలెన్సియెన్ చూచిన నమూనా పుదుచ్చేరిదే. అయినను వలలు నింపునంతటి గుంపులు 1980 దశకపు చివరినుండియే తమిళతీరమున కనబడజొచ్చెను. క్రమముగ ఆంధ్రతీరమునకు నెగబ్రాకెను. నేడు విశాఖ, కాకినాడ రేవులలో ఆ పేరు క్రొత్త కాదు. ఇరువదియేడు మొదలు ఇరువదితొమ్మిది డిగ్రీల వెచ్చదనము దానికి హితమనియు, మునుపు చల్లగ నుండిన జలములు ఆ మేరకు వేడెక్కుటచేత దాని హద్దు విస్తరించినదనియు పై సంస్థవారి యభిప్రాయము. 1951 మొదలు 2015 వఱకు ఉష్ణమండలపు హిందూ మహాసముద్రపు పైనీరు సగటున ఒక డిగ్రీ వేడెక్కినదని కేంద్ర ప్రభుత్వపు భూవిజ్ఞాన శాఖ 2020లో ప్రకటించినది. ఒక డిగ్రీ యనగా మనుజునకు అల్పము. పెట్టిన గ్రుడ్డునకు, దానిని పోషించు నాచునకు అది అల్పము కాదు.

ఆంధ్రతీరమునకు క్రొత్త చేప వచ్చుట లాభమే కదా యని యడుగవచ్చును. మనవారికి నూనె కవళ్ళపై అంత మక్కువ లేదు. వచ్చినదానిలో కొంత మంచు పెట్టెలలో కేరళకు పోవును, కొంత ఎండి కోళ్ల మేతకు, రొయ్యల మేతకు పోవును. పల్లెలోని బీదయిల్లాలికి కానాగంత తట్ట దొరకినట్లు కాదు. అవతలివైపు కేరళలో 2012న నాలుగు లక్షల టన్నులకు చేరువగ దొరికిన మత్తి 2021లో సుమారు 3,300 టన్నులకు పడిపోయెను. పిమ్మట కొంత కోలుకొన్నదికాని, ఆ నడుమ అప్పులపాలైన కుటుంబములకు ఆ కోలుకొనుట ఆలస్యముగ వచ్చినది.

ఐతే సముద్రమున జరుగు ప్రతి మార్పును వేడిమికే అంటగట్టుట న్యాయము కాదు. పిల్లచేపలను సైతము విడువని సన్నకన్నుల వలలు, లెక్కకు మించిన మరపడవలు చేసిన హాని తక్కువది కాదు. గోదావరీ మండలమున ఇంటింట తెలిసిన పులసయే దీనికి సాక్షి. కడలిలో ఇలసయై తిరిగి, వరదనీరు ఎఱ్ఱబారినపుడు ఏటి కెదురీది పులస యగు నా చేప దారిని తొలుత మార్చినది ఎండ కాదు, ఆనకట్ట. 1847లో ఆరంభించి 1852లో సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరమున ముగించిన ఆనకట్ట ఈ సీమకు అన్నము పెట్టినది. అదే కట్ట ఆ చేపకు అడ్డుగోడయైనది. 1982 నాటికి క్రొత్త బ్యారేజి దాని స్థానమున నిలిచినది. కాటనుదొరకు నమస్కరించు చేయియే ఈ రెండవ సంగతినికూడ వ్రాయవలెను. ఇప్పుడు వరద ఆలస్యముగ వచ్చుట, ఒక్కుమ్మడిగ వచ్చిపోవుట ఆ పాత యడ్డంకికి తోడైనవి. పులస రాక తగ్గినదని లంక గ్రామముల వృద్ధులు చెప్పు మాటలో ఎంతపాలు కట్టది, ఎంతపాలు వలది, ఎంతపాలు ఎండది అని విడదీయుట కష్టము. పాతలెక్క లేని చోట విడదీయుట అసాధ్యము.

కానాగంతకు రస్సెల్ దొరకినాడు. తిమింగిలమునకు వేటగాని చిఠ్ఠా దొరకినది. కోనసీమ కడలిలో ఏ మాసమున ఏ చేప ఎన్ని బారల నీట తిరిగెడిదో తెలిసిన తండ్రులు, తాతలు అది వ్రాయక పోయిరి. వారికి అక్షరము నేర్పినవారు లేకుండిరి. కెరటపు రంగును బట్టియు, పక్షుల వాలకమును బట్టియు చేప జాడ చెప్పు విద్య నోటనుండి నోటికి వచ్చినది. ఏటేట చేప దారితప్పుచుండగా ఆ విద్య పడుచువాండ్రకు అక్కఱకు రాకుండ పోవుచున్నది. ముసలివాడు చెప్పినచోట వల వేసి ఉత్తచేతులతో తిరిగివచ్చిన మనుమడు తాతను నమ్మునా?

ప్రభుత్వపు తేదీలుకూడ పాత కడలిని నమ్మి పెట్టినవే. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని తూర్పుతీరమున ఏటేట మరపడవల వేట నాపుదురు. మొదట అది 47 దినములు. 2015 నుండి ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు 61 దినములు. ఈ నిషేధము మేలైనది, కాదనువారు లేరు. ఐతే మదరాసు తీరమున గులాబిరంగు చేపజాతులు రెండు పూర్వము వేసవి ప్రాంతమున విశేషముగ గ్రుడ్లు పెట్టుచుండగా, 1980 తరువాతి పాతికయేండ్లలో ఆ కార్యము క్రమముగ అక్టోబరు మొదలగు చల్లని నెలలకు జరిగినదని వివేకానందన్ పరిశోధనలో తేలినది. గోదావరీ తీరపు ఏ జాతి ఏ నెలకు జరిగినదో జాతివారీగ చూచుకొని తేదీలను సరిచేయవలసిన యవసరము రావచ్చును. అంతవఱకు ఆ రెండు మాసములు భృతిపై కాలముగడుపు పల్లెలకు, తాము ఒడ్డున కూర్చున్నది చేప గ్రుడ్లు పెట్టునపుడేనా యను సందేహము తీరదు.

ఏప్రిలు 15 వచ్చుసరికి ఉప్పాడ, భైరవపాలెము, అంతర్వేది పల్లిపాలెములందు మరపడవలు ఒడ్డు చేరును. వలలు బాగుచేయుటతో, పడవలకు రంగులు వేయుటతో దినములు గడచును. జూను 15న అవి మరల కడలికి పోవును. తొలిపడవ తిరిగివచ్చి తట్టలు దించినపుడు, కాకినాడ రేవున మత్స్యసంస్థ పక్షమున లెక్క వ్రాయు ఉద్యోగి కానాగంతలు ఎన్ని, కవళ్ళు ఎన్ని, అవి ఏ వలలో పడినవి, ఎంతలోతున పడినవి అని సరంగు నడిగి వ్రాసికొనును.